ఆర్‌వీ వద్దనకండి, న్యూఫౌండ్‌ల్యాండ్ వద్దనండి

మిస్సిసాగా నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఆవిడకి 64 ఏళ్ళు, భర్తకి 68, ఇద్దరూ ఈమధ్యే రిటైరయ్యారు. సొంతూరు కాకినాడ దగ్గర, కెనడా వచ్చి ముప్ఫై ఏళ్ళు కావస్తోందట. ఆవిడ ప్రశ్న క్లుప్తంగా ఇది: "వచ్చే సెప్టెంబరులో హాలిఫాక్స్ దాకా విమానంలో వెళ్ళి, అక్కడ ఆర్‌వీ (పడక, వంటగది, బాత్రూము ఉండే ఇల్లులాంటి బండి) అద్దెకి తీసుకుని, మూడు వారాల్లో నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్, న్యూఫౌండ్‌ల్యాండ్ నాలుగూ చుట్టేద్దాం అంటున్నారు మా వారు. ఆయనకి షుగరుంది, ఇన్సులిన్ తీసుకుంటారు, మోకాలు కూడా అంతంతమాత్రం. నేను కారు నడుపుతాను గానీ అంత పెద్ద బండి ఎప్పుడూ ముట్టుకోలేదు. వంట, బాత్రూము, రాత్రిపూట ఎక్కడో చెట్ల మధ్య పడుకోవడం, అన్నీ తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. పిల్లలేమో ఈ వయసులో ఇదంతా ఎందుకు, కారులో తిరిగి హోటళ్ళలో ఉండండి అంటున్నారు. ఆయన వినట్లేదు. వెళ్ళమంటారా, మానమంటారా?"

వెళ్ళండమ్మా. ఆర్‌వీలోనే వెళ్ళండి. కాకపోతే మీ వారు వేసిన ప్లానుతో మాత్రం కాదు, పైగా పక్క సీట్లో కూర్చుని చేతులు బిగించుకుని భయపడుతూ అసలే కాదు. మీరూ బండి నడపాలి. నేను చెప్పబోయేదంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది.

ముందు న్యూఫౌండ్‌ల్యాండ్ సంగతి తేల్చేద్దాం. హాలిఫాక్స్ నుంచి నార్త్ సిడ్నీకి 400 కిలోమీటర్ల పైనే. అక్కడ బండితో సహా ఫెర్రీ ఎక్కితే పోర్ట్ ఓ బాస్క్ చేరడానికి సుమారు 7 గంటలు. దిగాక ఆ దీవి రాజధాని సెయింట్ జాన్స్ ఇంకా 900 కిలోమీటర్లుంటుంది. ఆర్‌వీలో రోజుకి 250 కిలోమీటర్లు దాటిందంటే అది విహారయాత్ర కాదు, లారీ డ్యూటీ. రానూపోనూ 2,600 కిలోమీటర్లు, అంటే పది రోజులు స్టీరింగు దగ్గరే గడిచిపోతాయి, ఫెర్రీ కోసం ఎదురుచూసే టైము ఇంకా ఇందులో కలపలేదు. సెయింట్ జాన్స్ వైపే దిగే ఆర్జెంటియా ఫెర్రీ ఎక్కితే ఆ 900 కిలోమీటర్లు తప్పుతాయి కదా అని మీ వారు అనొచ్చు. అది 16 గంటల ప్రయాణం, సీజన్లో మాత్రమే నడుస్తుంది, చార్జీ కూడా బండి పొడవును బట్టి పెరుగుతుంది.

ఇది కాక పోర్ట్ ఓ బాస్క్ దాటగానే రెక్‌హౌస్ అనే చోటుంది. కొండల మీంచి దిగే గాలి అక్కడ ఒకప్పుడు రైలు పెట్టెల్నే పట్టాల మీంచి తోసేసేది, అందుకని గాలి సంగతి ముందుగా కనిపెట్టి చెప్పడానికి రైల్వేవాళ్ళు అక్కడే ఉండే ఒక మనిషికి జీతమిచ్చి పెట్టుకున్నారు. ఇప్పటికీ పెద్ద ట్రక్కులు ఆ గాలికి పక్కకి ఒరిగిపోతుంటాయి, ఇక పెట్టెలాంటి ఆర్‌వీ గురించి చెప్పేదేముంది. దీవిలో మూస్‌లు (భారీ జింకలు) లక్షకి పైగా ఉంటాయని అంచనా, చీకటి పడ్డాక ఆ రోడ్ల మీద తిరగొద్దని అక్కడివాళ్ళే చెబుతారు. ఆ దీవి బాగుండదని నేననడం లేదు, అక్కడి గ్రోస్ మోర్న్ నేషనల్ పార్కు ఒక్కదానికే వారం పడుతుంది. అందుకే దానికి ఇంకో ఏడాది వేరుగా మూడు వారాలు పెట్టుకోండి. మీ ఆయనకి ఈ లెక్కలు నోటితో చెప్తే వాదనకి దిగుతారు, కాగితం మీద రోజులు గళ్ళు గీసి ఏ రోజు ఎన్ని కిలోమీటర్లో ఆయన చేతే రాయించండి. పదో గడికే పెన్ను కింద పెడతారు.

మిగతా మూడింటికీ మూడు వారాలు హాయిగా సరిపోతాయి. హాలిఫాక్స్‌లో బండి తీసుకున్న రోజు దూరం వెళ్ళొద్దు. కాగితాలు, వివరాలు అయ్యేసరికే మధ్యాహ్నం అవుతుంది, సామాన్లు కొనుక్కోవాలి, అందుకని దగ్గర్లోని క్యాంప్‌గ్రౌండ్‌లోనే రెండు రాత్రులు ఉండండి. హాలిఫాక్స్ డౌన్‌టౌన్‌లోకి ఆ బండితో దిగకండి, ఇరుకు వీధులు, ఏటవాలు, పార్కింగూ దొరకదు. పెగ్గీస్ కోవ్ చూడాలనిపిస్తే పొద్దున్నే వెళ్ళండి, ఆలస్యమైతే టూరు బస్సులు దిగిపోతాయి. అక్కడ లైట్‌హౌస్ కింద రాళ్ళు తడిసి నల్లగా కనిపిస్తే వాటి మీద కాలు పెట్టకండి, అల ఎప్పుడొచ్చి లాగేస్తుందో తెలియదు. బోర్డులు ఊరికే పెట్టలేదు.

అక్కణ్ణుంచి నోవా స్కోషియాలోనే ఉన్న కేప్ బ్రెటన్ దీవి. మీ రోజుల్లో వారం దీనికే ఇవ్వండి, నన్నడిగితే ఈ ప్రయాణానికి అసలు కారణమే ఇది. 1955లో కట్టిన కాన్సో కాజ్‌వే మీదుగా దీవిలోకి వెళ్తారు. దీవిలో కొండల మీదుగా చుట్టే రోడ్డు కాబట్ ట్రయల్ మొత్తం 298 కిలోమీటర్లు, కారువాళ్ళు ఒక్కరోజులో చుట్టేసి గొప్పగా చెప్పుకుంటారు, మీరు ఆ పని చేయొద్దు. షెటికాంప్ క్యాంప్‌గ్రౌండ్‌లో మూడు రాత్రులు, కొండలు దాటి ఇంగొనిష్ వైపు బ్రాడ్ కోవ్‌లో మూడు రాత్రులు ఉండండి. రెండూ నేషనల్ పార్కువే, కరెంటు హుకప్ (బండికి కరెంటు కనెక్షన్) ఉన్న సైట్లుంటాయి, వేడినీళ్ళ స్నానాల గదులు కూడా ఉంటాయి.

ఏ వైపు నుంచి తిరగాలన్నది ఇక్కడ పెద్ద చర్చ. సముద్రం పక్క లేన్‌లోంచి బాగా కనబడుతుందని చాలామంది ఇంగొనిష్ నుంచి మొదలుపెట్టి షెటికాంప్ వైపు దిగమంటారు. నేను మాత్రం మీకు షెటికాంప్ నుంచే మొదలుపెట్టమంటాను. అప్పుడు పడమటి తీరంలో మీ బండి కొండ పక్కన ఉంటుంది, లోయ పక్కన ఉండదు. కొత్తగా పెద్ద బండి పట్టుకున్నవాళ్ళకి ఆ తేడా చాలా పెద్దది. సముద్రం ఎక్కడికీ పోదు, ఆగి చూసుకునే చోట్లు దారి పొడవునా ఉన్నాయి.

ఫ్రెంచ్ మౌంటెన్, మెకెంజీ మౌంటెన్, నార్త్ మౌంటెన్, ఆ తరవాత కేప్ స్మోకీ, ఇవీ ఎక్కిదిగాల్సినవి. ఎక్కడం ఇంజను చూసుకుంటుంది, దిగడమే మన పని. దిగేటప్పుడు టో-హాల్ మోడ్ వేసుకుని లేదా చిన్న గేరులో పెట్టి ఇంజను చేతే బండిని పట్టించాలి. కాలు బ్రేకు మీదే పెట్టుకుని దిగితే సగం దూరంలోనే బ్రేకులు వేడెక్కి వాసనొస్తాయి. వెనక కార్ల వరుస పెరుగుతోందని కంగారుపడకండి, ఆగే చోటు రాగానే పక్కకి తీసి వాళ్ళని పోనివ్వండి, చేతులూపి మరీ వెళ్తారు. పెట్రోలు షెటికాంప్‌లోనే నిండుగా కొట్టించండి, ఉత్తరం వైపు బంకులు తక్కువ, ఫోన్ సిగ్నలూ చాలాచోట్ల ఉండదు. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

స్కైలైన్ ట్రయల్ అనే నడకదారి గురించి అందరూ చెబుతారు. చివర చెక్కబాట, కింద సముద్రం, నిజంగానే బాగుంటుంది. కానీ రానూపోనూ ఆరేడు కిలోమీటర్లుంటుంది, చివర మెట్లుంటాయి. మీ వారి మోకాలు ఆ రోజు ఏమంటుందో విని నిర్ణయించుకోండి. సగం దాకా వెళ్ళి తిరిగొస్తే తప్పేం లేదు. మీ దారిలోనే ఉన్న బాడెక్‌లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ మ్యూజియం ఉంది, టెలిఫోనే కాదు, ఆయన చేసిన హైడ్రోఫాయిల్ పడవ కూడా అక్కడ చూడొచ్చు. మోకాలికి విశ్రాంతి ఇవ్వాల్సిన రోజుకి అది సరిగ్గా సరిపోతుంది.

షెటికాంప్‌లో ఉన్నప్పుడు ఒక్క జాగ్రత్త. అక్కడ కొండల మీంచి ఆగ్నేయపు గాలి ఒకటి వీస్తుంది, ఊరివాళ్ళు దాన్ని 'లే సుయెత్' అంటారు, గంటకి 150 కిలోమీటర్లు దాటిన సందర్భాలున్నాయి. ఎక్కువగా చలికాలంలోనే వస్తుంది గానీ సెప్టెంబరు చివర్లో రాదని ఎవరూ హామీ ఇవ్వరు. హెచ్చరిక ఉందంటే ఆ రోజు బండి కదపకండి.

తరవాత నోవా స్కోషియాలోని కారిబూ రేవు నుంచి ఫెర్రీలో వుడ్ ఐలాండ్స్, అక్కడ ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్. గంటంపావు ప్రయాణం. ఈ దీవి లెక్క కాస్త తమాషాగా ఉంటుంది, లోపలికి వచ్చేటప్పుడు ఎవరూ డబ్బులడగరు, బయటికి వెళ్ళేటప్పుడే వసూలు చేస్తారు. కాబట్టి ఫెర్రీలో వెళ్ళి, 1997లో కట్టిన కాన్ఫెడరేషన్ బ్రిడ్జి మీదుగా బయటికి వస్తే ఖర్చు తక్కువ. బ్రిడ్జి టోలు మామూలు కారుకి 50 డాలర్లుండేది, 2025 ఆగస్టులో 20 చేశారు, ఆర్‌వీకి ఇరుసులను బట్టి చూస్తారు. దాదాపు 13 కిలోమీటర్ల వంతెన, గాలి ఎక్కువైతే ఎత్తు బండ్లని ఆపేస్తారు, బయల్దేరేముందు వాళ్ళ సైటులో చూసుకోండి.

దీవిలో రోడ్లు దాదాపు చదునుగా ఉంటాయి, కొండల తరవాత ప్రాణం లేచొస్తుంది, మీరు డ్రైవింగు ఎక్కువ చేయాల్సింది ఇక్కడే. మట్టి చూస్తే మన భీమిలి ఎర్రమట్టి దిబ్బలు గుర్తొస్తాయి, అందులో ఇనుము ఎక్కువ, బట్టలకంటితే వదలదు. స్టాన్‌హోప్ వైపు ఉండండి, కావెండిష్ కన్నా సందడి తక్కువ. అయిదు రాత్రులు చాలు.

ఇక న్యూ బ్రన్స్‌విక్ వైపు బే ఆఫ్ ఫండీ అనే అఖాతం. మీరు సముద్రం పక్కన పుట్టినవాళ్ళు, ఆటుపోట్లు తెలియనివి కావు, అయినా ఇది చూస్తే ఆశ్చర్యపోతారు. ఇక్కడ నీళ్ళు 16 మీటర్ల దాకా లేస్తాయి, ప్రపంచంలో ఇంతకన్నా ఎక్కువ ఎక్కడా లేదు. అఖాతం గరాటులా ఉండటం, దాని పొడవు వల్ల నీళ్ళు లోపలికీ బయటికీ ఊగే లయ సముద్రపు పోటు లయతో సరిగ్గా కలవడం, ఇవే కారణాలు. హోప్‌వెల్ రాక్స్‌లో పాటు సమయానికి అడుగున నడిచి, ఆరు గంటల తరవాత వచ్చి చూస్తే మీరు నడిచిన చోట పడవలు తిరుగుతుంటాయి. మెట్లు బాగానే దిగాలి, పైన టికెట్ల దగ్గర్నుంచి మెట్ల దాకా మాత్రం డబ్బులిస్తే చిన్న బండిలో తీసుకెళ్తారు. ఆటుపోట్ల వేళలు రోజుకి కొంత జరుగుతుంటాయి, ముందురోజే చూసుకోకుండా వెళ్తే ఉత్త నీళ్ళు చూసి రావాలి. దగ్గర్లోనే ఫండీ నేషనల్ పార్కు, దాన్ని ఆనుకుని ఆల్మా అనే చేపల ఊరు, నీళ్ళు తగ్గినప్పుడు అక్కడి పడవలన్నీ బురదలో కూర్చుని ఉంటాయి. నాలుగు రాత్రులు అక్కడ ఉండి హాలిఫాక్స్ వచ్చేయండి. మొత్తం 2,000 కిలోమీటర్లకి అటూఇటూ అవుతుంది. ఇంకో మూడు రోజులు మిగిలుంటాయి, వాటిని ఖాళీగానే వదిలేయండి. 2022లో ఫియోనా తుపాను ఈ తీరాన్నే కొట్టింది, అదీ సెప్టెంబరు 24న. కాకినాడవాళ్ళకి తుపాను గురించి నేను చెప్పక్కర్లేదు. సూచన వస్తే తీరం వదిలి ట్రూరో వైపు లోపలికి వచ్చేయాలి, రిజర్వేషన్ డబ్బులు పోతే పోతాయి.

ఇప్పుడు మీరు నడపడం గురించి. ఇది సరదా కోసం చెప్పట్లేదు. ఇన్సులిన్ మీద ఉన్న మనిషి ఒక్కరే డ్రైవరైతే, ఆయనకి షుగరు పడిపోయిన రోజు కొండ మధ్యలో మీ ఇద్దరి పరిస్థితి ఏమిటి? స్టీరింగు పట్టేముందు ఆయన షుగరు చూసుకోవాలి, కెనడాలో చెప్పే లెక్క ప్రకారం 4 mmol/L కన్నా తక్కువుంటే బండి నడపకూడదు, ఏదైనా తిని అది 5 దాటాక కూడా 40 నిమిషాలు ఆగాలి. ఆయన డాక్టరుతో ఒకసారి మాట్లాడండి. ఇంకో డ్రైవరుంటే ఆ 40 నిమిషాలు గొడవే కాదు, మీరు నడుపుతారు, ఆయన పక్కన కూర్చుంటారు. మీ ఒంటారియో జి లైసెన్సు, అంటే మామూలు కారు లైసెన్సే, 24 అడుగుల ఆర్‌వీకి సరిపోతుంది, అంతకన్నా పెద్దది తీసుకోకండి. అద్దె కాగితంలో మీ పేరు రెండో డ్రైవరుగా రాయించడం మర్చిపోవద్దు.

భయం పోవాలంటే ఒకటే మార్గం. మే నెలలోనో జూన్‌లోనో మీ దగ్గర్లోనే ఆర్‌వీ రెండు రాత్రులకి అద్దెకి తీసుకుని ఓక్‌విల్‌లోని బ్రోంటే క్రీక్ పార్కుకి వెళ్ళండి. మీ ఇంటి నుంచి అరగంట దూరం, కరెంటున్న సైట్లుంటాయి. ఆదివారం పొద్దున ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ లాట్‌లో గంటసేపు తిప్పండి. మలుపు తిరిగేటప్పుడు వెనక భాగం అవతలి పక్కకి ఎంత విసురుతుందో ఒకసారి కళ్ళతో చూస్తే ఇక మర్చిపోరు. రివర్సు చేసేటప్పుడు ఒకరు కిందికి దిగి వెనక నిలబడాలి, చేతి సైగలు ముందే అనుకోవాలి, అద్దంలో మనిషి కనపడకపోతే బండి ఆగిపోవాలి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో రాని గొడవలు ఈ రివర్సు దగ్గర వస్తాయి, అందుకే ఇంటి దగ్గరే పడేసుకోండి.

వంట సంగతి. ఆర్‌వీ లోపల పోపు పెట్టకండి, చిన్న గది కాబట్టి పొగ అలారం మోగుతుంది, మిరపకాయ ఘాటు రెండు రోజులు దుప్పట్లలో ఉంటుంది. బయట బల్ల మీద ఒక చిన్న స్టవ్ పెట్టుకుని పోపులు, చేపల పులుసు అక్కడే కానివ్వండి, లోపల కుక్కరు, పెరుగు, టిఫిన్లు. తిన్నాక గిన్నెలు, మిగిలినవి ఏవీ బయట ఉంచకూడదు, నేషనల్ పార్కుల్లో అది నిబంధన, ఎలుగుబంట్లు, కయోటీలు వాసనకి వస్తాయి. 30 ఆంపుల హుకప్ అంటే 3,600 వాట్లు, హీటరు, మైక్రోవేవ్, ఇండక్షన్ స్టవ్ ఒకేసారి వేస్తే బ్రేకరు పడిపోతుంది. పప్పులు, పొడులు, పచ్చళ్ళు మిస్సిసాగా నుంచే సర్దుకోండి. మధ్యలో కేప్ బ్రెటన్ దీవిలోని సిడ్నీలో మన సరుకులు దొరుకుతాయి, అక్కడి కేప్ బ్రెటన్ యూనివర్సిటీలో మనదేశపు పిల్లలు పెద్ద సంఖ్యలో చేరారు, వాళ్ళ వెనకే కొట్లూ వచ్చాయి. ఆయన షుగరుకి ఆర్‌వీ మంచిదని నేననేది ఇందుకే. ఇన్సులిన్‌కి ఫ్రిజ్ ఎప్పుడూ పక్కనే, వేళకి ఇంటి తిండి, నీరసంగా ఉంటే ఎక్కడైనా ఆపి పడుకోవడానికి మంచం. హోటళ్ళలో ఉండమంటున్న పిల్లలకి ఈ మాటే చెప్పండి.

బాత్రూము గురించి మీరు రాయడానికి మొహమాటపడినట్టున్నారు, నేను సూటిగానే చెప్తాను. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంక్, సింకు, షవరు నీళ్ళు గ్రే ట్యాంక్‌లోకి వెళ్తాయి. మనం నీళ్ళు వాడేవాళ్ళం, ట్యాంకు లోపల గట్టిపడకుండా ఉండటానికి అది మంచిదే, కాకపోతే మూడు నాలుగు రోజులకే నిండిపోతుంది. సైటులో సూయర్ హుకప్ (మురుగు గొట్టం కనెక్షన్) ఉన్నా బ్లాక్ ట్యాంక్ వాల్వు తెరిచి ఉంచకూడదు, నీళ్ళు పోయి మిగతాది అక్కడే పేరుకుంటుంది. నిండాక ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్‌లో ముందు బ్లాక్, తరవాత గ్రే వదిలితే ఆ నీళ్ళకి గొట్టం కూడా శుభ్రమవుతుంది. రబ్బరు గ్లవ్స్ వేసుకుంటే పది నిమిషాల పని. ఇది మీ వారి డ్యూటీ అని ముందే రాయించుకోండి, ఆర్‌వీ కావాలన్నది ఆయనే కదా. నూనె జిడ్డు పళ్ళేలు మాత్రం పేపరుతో తుడిచాకే సింకులో వేయాలి, ఆ పని మీ ఇద్దరిదీ.

డబ్బు ఆదా అవుతుందని వెళ్తుంటే మాత్రం ఆశ వదులుకోండి. అద్దె, కిలోమీటరు చార్జీ, సైటు అద్దె, 100 కిలోమీటర్లకి 20 నుంచి 25 లీటర్ల పెట్రోలు, అన్నీ కలిస్తే కారు, మోటెల్ ఖర్చుకి దగ్గరే. ఇన్సూరెన్సు దగ్గర కక్కుర్తి వద్దు. క్రెడిట్ కార్డుల కవరేజీ సాధారణంగా ఆర్‌వీలకి వర్తించదు, పైకప్పుకీ బండి అడుగుకీ జరిగే నష్టాన్ని అద్దె ఇన్సూరెన్సులు కూడా తరచుగా మినహాయిస్తాయి, కాగితం చదివి సంతకం పెట్టండి. ఒహిప్ (ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) వేరే ప్రావిన్సుల్లో డాక్టరుకీ ఆసుపత్రికీ పనిచేస్తుంది గానీ అంబులెన్సుకి, బయట కొనే మందులకి పనిచేయదు, అందుకని చిన్న ట్రావెల్ పాలసీ ఒకటి తీసుకోండి, అందులో షుగరు ముందే ఉన్న జబ్బు అని స్పష్టంగా రాయండి. నోవా స్కోషియా పల్లెల్లో ఎమర్జెన్సీ గదులు అప్పుడప్పుడు మూసి ఉంటాయి, దేనికి వెళ్ళాలో తెలియకపోతే 811కి ఫోన్ చేస్తే నర్సు మాట్లాడుతుంది.

తేదీలు లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) అయిపోయాక పెట్టుకోండి, పిల్లలకి బడులు తెరుస్తారు, సైట్లు ఖాళీ అవుతాయి. అలాగని నెల చివరిదాకా లాగొద్దు, కొన్ని క్యాంప్‌గ్రౌండ్లు సెప్టెంబరులోనే మూసేస్తారు, మూసే తేదీ చూశాకే రూటు ఖాయం చేయాలి. పార్క్స్ కెనడా బుకింగులు చలికాలంలోనే మొదలవుతాయి, కరెంటున్న సైట్లు ముందు అయిపోతాయి, వీలైతే రివర్సు చేయాల్సిన పనిలేని పుల్-త్రూ సైట్లు చూడండి. ఈ బుకింగులన్నీ మీ అకౌంటు నుంచి మీరే చేయండి. ఒక్కో చోట మూడేసి రాత్రులు బుక్ అయిపోయాక మీ వారు రోజుకి 400 కిలోమీటర్లు తోలుదామన్నా కుదరదు.